కాయితాల కట్ట కాదండీ, పుస్తకమే

ఇక్కడ పెన్సిల్వేనియాలో మన తెలుగు సంఘం ఈసారి జరిపిన ఉగాది వేడుకల్లో, పిల్లల ప్రదర్శన దగ్గర ఏం జరిగిందో అక్కడ లేనివాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపులు ఊరుకోవు కదా. అయితే ఇంట్లో పుస్తకం కుట్టుకోవడం హోమ్‌స్కూలు అమ్మల (అంటే పిల్లల్ని ఇంట్లోనే చదివించేవాళ్ళ) కొత్త పిచ్చి అంటూ తిరిగిన కథలో మసాలా ఎక్కువైంది కాబట్టి అసలు సంగతి చెప్తాను.

తెలుగు చేతిరాత బల్ల మీద పెడదామని మా రెండోవాడు ఏడాది పొడుగునా తను రాసుకున్న పుస్తకం పట్టుకొచ్చాడు. బల్ల దగ్గరున్న పెద్దాయన దాన్ని అందుకుని, పక్కనుంచి తెరవబోయి, అది తెరుచుకోకపోతే అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదేంటమ్మా, బైండింగు నెత్తిమీద ఉంది? బడివాళ్ళు ఇచ్చిన పుస్తకం లేదా?" అన్నారు. ఇంట్లోనే చదివిస్తామండీ, ఇది మేమే తయారుచేసుకున్నాం అన్నాను. "ఓహో, ఇంట్లో ప్రింటు తీసుకున్న కాయితాలా!" అని నవ్వారు. ఆ నవ్వులో విషం లేదు, ఒట్టేసి చెప్తాను. ఈలోగా ట్యాబ్లెట్ పట్టుకున్న వాలంటీరు అమ్మాయికి ఇంకో చిక్కు వచ్చిపడింది. ఫారంలో 'బడి పేరు' గడి నింపితే గాని అది ముందుకు కదలదట. జాబితాలో ఇల్లు అనే బడి లేదు. కమిటీని అడగమన్నారు. కమిటీ అంతా స్టేజీ వెనక శాలువాలు లెక్కపెట్టుకుంటోంది, ముఖ్య అతిథి కారు అప్పటికే పార్కింగులోకి వచ్చేసింది. "తర్వాత చూద్దాంలే అమ్మా" అన్న హామీతో పుస్తకం బల్ల కింద అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది. తర్వాత నృత్యాలు, ప్రసంగాలు, మళ్ళీ ప్రసంగాలు.

కారులో వాడు ఒక్కటే అన్నాడు: "తాతగారు ఒక్క పేజీ కూడా చదవలేదమ్మా."

బైండింగు నెత్తిమీద ఎందుకుందంటే, వాడిది ఎడమచేతివాటం. మామూలు స్పైరల్ పుస్తకంలో కుడివైపు పేజీ రాస్తున్నప్పుడు వాడి మణికట్టు తీగ మీద పడుతుంది. పది నిమిషాలకే చెయ్యి ఎర్రగా కందిపోయి, చదువంటేనే విసుగొచ్చేది. తీగని పై అంచుకి మార్చగానే ఆ గొడవ తీరింది. చిన్న మెలిక ఒకటుంది: పైన బైండు చేసే పుస్తకానికి రెండువైపులా ప్రింటు తీసేటప్పుడు ప్రింటరులో షార్ట్ ఎడ్జ్ (పొట్టి అంచు వైపు తిప్పడం) ఎంచుకోవాలి. లేకపోతే వెనక పేజీలన్నీ తలకిందులవుతాయి. అంగళ్ళలో దొరికే వర్కుబుక్కు అచ్చేసేవాళ్ళకి మా వాడి మణికట్టు సంగతి ఎలా తెలుస్తుంది? వాళ్ళకి తెలిసింది సగటు పిల్లవాడు. ఆ సగటు పిల్లవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

బైండింగుల్లోనూ దేని స్వభావం దానిది. ప్లాస్టిక్ కోంబు (దువ్వెన పళ్ళలాంటి పట్టీ) అయితే 11 అంగుళాల కాయితానికి 19 చిల్లులు, మధ్యలో విప్పి కొత్త పేజీలు చేర్చుకోవచ్చు. కానీ పుస్తకం పూర్తిగా వెనక్కి మడవదు. జంట తీగ చక్కగా వెనక్కి మడుస్తుంది గాని, ఒకసారి నొక్కి మూశాక విప్పడం కష్టం. ప్లాస్టిక్ కాయిల్ (స్ప్రింగులాంటి చుట్ట) పిల్లలు విసిరేసినా, దాని మీద కూర్చున్నా మళ్ళీ మామూలుగా అయిపోతుంది. అందుకే మా ఇంట్లో అదే గెలిచింది. పల్చటి పుస్తకాలకి ఇవేవీ అక్కర్లేదు, కాయితాలు మధ్యకి మడిచి సూదీ దారంతో మూడు చిల్లులు కుడితే చాలు. అప్పుడు మాత్రం పేజీల లెక్క నాలుగుతో భాగించబడాలి. మా వాడికి నాలుగో ఎక్కం అలాగే ఒంటబట్టింది, నేను కూర్చోబెట్టి నేర్పలేదు.

ఇక తెలుగు సంగతికొస్తే ఇంట్లో చేసుకోక తప్పదు. ఇక్కడి కాలేజ్ రూల్డ్ (సన్నగీతల) నోటుపుస్తకంలో గీతకీ గీతకీ మధ్య సుమారు 7 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో 'రాష్ట్రం' రాయమనండి. ష కింద ట, దాని పక్కన ర, చివర సున్నా సంగతి సరే, కిందివి వచ్చే గీతలోని గుడిని గుద్దుతాయి. ఇంగ్లీషు పిల్లల చేతిరాత పుస్తకాల్లో మధ్యలో చుక్కల గీత ఉంటుంది, అది మన అక్షరానికి ఏ సాయమూ చెయ్యదు. అందుకని నేను మూడు అరలు గీస్తాను: గుడీ తలకట్లకి పైన కొంచెం, అక్షరానికి మధ్యలో వెడల్పుగా, ఒత్తులకి కింద ధారాళంగా. ఒత్తుకి చోటిచ్చాక మా వాడి ఒత్తులు కుదురుకున్నాయి. అంతకుముందు వాడికి ఒత్తులు రావనుకున్నాం, పాపం చోటే లేదు. ఫాంటుతో తంటాలు వేరే. కొన్ని డ్రాయింగు సాఫ్ట్‌వేర్లు తెలుగు ఒత్తుల్ని విరిచి పొల్లులుగా పక్కన పడేస్తాయి. పీడీఎఫ్ చేసి, పేజీ పేజీ చూసుకుని గాని ప్రింటుకి వెళ్ళకూడదు.

మన ఊళ్ళ చదువుల్ని ఆకాశానికెత్తే అలవాటు నాకు లేదు. ఎడమచేత్తో బలపం పట్టుకున్నందుకు స్కేలుతో వేళ్ళ మీద కొట్టిన పంతులుగారు నాకూ గుర్తున్నారు, ఆయన మీద నాకేమీ ముచ్చట లేదు. చూచిరాత పేరిట పేజీలకి పేజీలు అర్థం లేకుండా నింపించిన సాయంత్రాలూ గుర్తున్నాయి. కానీ జూన్ నెల రాగానే మా నాన్న చేసే పని ఇంకోటుండేది. కిందటేటి నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాయితాలన్నీ జాగ్రత్తగా ఊడదీసి, అంచులు సరిచేసి, దబ్బనంతో చిల్లులు పొడిచి, పురికొసతో కుట్టి రఫ్‌బుక్కు చేసేవారు. పాత క్యాలెండరు కాయితంతో అట్ట. దేవుడి బొమ్మ లోపలివైపు, తెలుపు బయటికి, ఆ తెలుపు మీద ఆయన గుండ్రటి అక్షరాల్లో నా పేరు. కాయితం తలో రంగు, గీతలు తలో కొలత. ఆ పుస్తకంలో లెక్క తప్పితే ఎవరూ తిట్టేవారు కాదు, అది రఫ్ కదా. కొత్త పుస్తకాల్లో భయంభయంగా రాసినదాన్ని, అందులో మాత్రం బొమ్మలేశాను, పద్యాలు కూడా కట్టాను, గణం కుదిరిందో లేదో అడక్కండి. ఈ పత్రిక చదివే మా తరంవాళ్ళలో ఇలాంటి రఫ్‌బుక్కు ఎరగనివాళ్ళు ఎందరుంటారు? ఇంట్లో పుస్తకం కుట్టుకోవడమనేది హోమ్‌స్కూలు అమ్మల కొత్త పిచ్చి ఎలా అవుతుందండీ?

మా పెన్సిల్వేనియాలో ఇంట్లో చదివించడానికి 1988లో చట్టం వచ్చింది. 180 రోజులు, లేదా ప్రాథమిక స్థాయిలో 900 గంటలు చదువు చెప్పాలి. ఏడాది చివర పిల్లల పని అంతా ఒక పోర్ట్‌ఫోలియోగా మూల్యాంకనం చేసేవారికి చూపించాలి. అందులో పిల్లవాడు రాసినవి, వర్కుషీట్లు, వర్కుబుక్కుల నమూనాలు ఉండాలని చట్టమే చెప్తోంది. ఇంట్లో చేసిన పుస్తకం నుంచి పెట్టిన పేజీలు మా దగ్గర చెల్లాయి. రాష్ట్రానికి పనికొచ్చిన పుస్తకం మన సంఘం బల్లకి పనికిరాకపోవడమే నాకు మింగుడుపడనిది.

కమిటీ వైపు న్యాయం లేదనను. అందరికీ ఒకే పాఠ్యక్రమం ఉంటే న్యాయనిర్ణేతలకి పోల్చి చూడడం తేలిక. మనబడిలాంటి వారాంతపు తెలుగు తరగతుల్లో ఏళ్ళుగా సెలవురోజులు ధారపోస్తున్న గురువులకి నేను దణ్ణం పెడతాను. మా పెద్దది అలాంటి తరగతిలోనే చదవడం నేర్చింది. "ఇంట్లో చేసినదంటే అమ్మ రాసిందో పిల్లాడు రాశాడో ఎలా తెలుస్తుంది" అని ఒకరన్నారు. బడి పుస్తకమైతే తెలిసిపోతుందా, సైన్సు ఫెయిర్ అట్టలు ఎవరు చేస్తారో మనకి తెలీదా!

ఎవరి పుస్తకమో కాపీ తీశారేమో అన్న కాపీరైటు భయం మాత్రం నిజమైనది. వర్కుబుక్కు అంటేనే రాసి ఖర్చుచేసేది. ఒకటి కొని పదిమంది పిల్లలకి జెరాక్సు తియ్యడం తప్పు. ఈ దేశంలో తరగతి గదుల కోసం 1976లో కుదిరిన మార్గదర్శకాలే వర్కుబుక్కులు కాపీ చెయ్యొద్దన్నాయి. పీడీఎఫ్ కొన్నా, ఒక కుటుంబానికే అని షరతు ఉంటే దానికి కట్టుబడాల్సిందే. కానీ సొంతంగా రాసుకున్న పేజీకి ఎవరి అనుమతి కావాలి? వేమన పద్యాన్ని పెద్ద అక్షరాల్లో టైపు చేసి, కింద మూడు అరల గీతలు గీస్తే ఏ ప్రచురణకర్తా కేసు వెయ్యడు. తాతయ్య ఫోనులో చెప్పిన కథని నాలుగు వాక్యాలుగా విడగొట్టి, ప్రతిదానికీ బొమ్మకి చోటు వదిలితే అది ఇంకెక్కడా దొరకని పాఠం.

కాబట్టి నాకు బహుమతి వద్దు, క్షమాపణ అసలే వద్దు. ఫారంలో 'ఇల్లు' అని ఒక వరస చేర్చండి. వచ్చే ఏడు బల్ల దగ్గర కూర్చునేవారికి, ఏ పుస్తకమైనా అట్ట దాటి రెండు పేజీలు చదివాకే మాట్లాడమని చెప్పండి.

ఇంకో విన్నపం ఉంది, నిజానికి అసలు విన్నపం ఇదే. దీపావళి సమావేశంలో కార్డుల బల్ల పక్కన ఒక మూల మాకివ్వండి. ఇంట్లో చదివే పిల్లలే రానక్కర్లేదు, ఎవరి పిల్లలైనా సరే. పెద్దవాళ్ళు వాళ్ళకొచ్చిన పద్యమో, పొడుపుకథో, ఊళ్ళో పిలిచే చెట్ల పేర్లో చెప్తే మా పెద్దది అక్కడే టైపు చేస్తుంది. పిల్లలు చిల్లులు కొట్టుకుని కాయిల్ ఎక్కించుకుంటారు. దబ్బనం, పురికొస తెలిసిన తాతగార్లు ముందుగా రావాలి, ముఖ్యంగా మా బల్ల దగ్గర కూర్చున్నాయన. పంచింగ్ మెషీను, కాయిళ్ళు నేను తెస్తాను. కాయితం ఎవరైనా తెండి, కానీ 90 జీఎస్ఎంకి (కాయితం బరువు లెక్క) తగ్గకుండా చూడండి, లేకపోతే స్కెచ్ పెన్ను వెనక్కి ఊరుతుంది.