ఏం చేస్తాం, లెండి!

ప్రజాస్వామ్యానికి ముప్పు వచ్చినప్పుడల్లా తెలుగునాట ముందుగా వినపడేది ఓ నిట్టూర్పు: "ఏం చేస్తాం లెండి." చివర్న 'లెండి' అని ఉంటుంది గానీ, ఆ మాటన్నాక లేచినవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఈ నిట్టూర్పు వీరులందరికీ ప్రతినిధిగా ఒకాయన్ని పెట్టుకుందాం. పేరు లెండిగారు. తెల్లారి ఆరింటికి పార్కు బెంచీ మీద ఆయన సభ. ఎజెండా: దేశం అయిపోయింది. ఈవీఎంలన్నీ సెట్టింగు, ఓటరు లిస్టంతా దొంగ పేర్లు, కోర్టులు తేల్చవు, నోరెత్తితే కేసు. తీర్మానం: ఇడ్లీకి వెళ్దాం. కోరం లేదని సభ వాయిదా పడ్డ రోజు లేదు.

ఈవీఎంని సముద్రాల అవతల నుంచి ఎలా తిప్పుతారో లెండిగారికి వైర్లతో సహా తెలుసు. పోలింగుకు గంటన్నర ముందు, అదే మెషీన్ మీద, అభ్యర్థుల తరఫు ఏజెంట్ల కళ్లెదుట కనీసం 50 ఓట్లు వేసి చూపించే మాక్ పోల్ సంగతి మాత్రం తెలీదు. ఆ ఓట్లకీ, ఓటు ఎవరికి పడిందో అచ్చేసి చూపే వీవీప్యాట్ చీటీలకీ లెక్క సరిపోయాక, మెషీన్‌లోంచి వాటిని చెరిపేయాలి. చెరపడం మర్చిపోతే అవి అసలు ఓట్లలో కలిసిపోతాయి. అది కనిపెట్టాల్సింది ఏజెంటు. ఏజెంట్లు రాకపోతే పావుగంట చూసి సిబ్బంది కానిచ్చేస్తారు.

పోనీ, ఏ స్వతంత్ర అభ్యర్థో ముచ్చటపడి మన లెండిగారినే ఏజెంటుగా పెట్టాడనుకోండి. అయిదున్నరకి రావాలి. అది వాకింగ్ టైము. ఏడూ నలభైకి వచ్చి, ఎక్కాల చార్టు కింద బెంచీ మీద కూర్చుని, ఫ్యాను ఎటు తిరుగుతోందో పరిశీలిస్తారు. పదకొండింటికి, ఎప్పుడో పైలోకాలకు వెళ్లిన సుబ్బయ్యగారి ఓటు వేయడానికి పాతికేళ్ల కుర్రాడొచ్చాడు. ఎన్నికల నిర్వహణ రూలు 49జే ప్రకారం ఏజెంటు అభ్యంతరం చెప్పొచ్చు. డిపాజిట్టు రెండు రూపాయలు. అక్షరాలా రెండే, నగదు. సవాలు నిజమని తేలితే కుర్రాడు పోలీసుల చేతికి, రెండు రూపాయలు మళ్లీ ఏజెంటు చేతికి. లెండిగారు జేబులు తడుముకుని, ప్రిసైడింగ్ అధికారిని వినయంగా అడుగుతారు: "క్యూఆర్ కోడ్ లేదాండీ?" సుబ్బయ్యగారు నిక్షేపంగా ఓటేసి వెళ్లిపోయారు.

సాయంత్రం పోలింగ్ ముగిశాక 17సీ ఫారం నకలు తీసుకోవాలి. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో, మెషీన్ నంబరేమిటో, సీళ్ల నంబర్లేమిటో అందులో ఉంటాయి. కౌంటింగ్ రోజు మెషీన్ చూపే మొత్తాన్ని దానితోనే సరిచూసుకోవాలి. ట్రాఫిక్ పెరుగుతుందని లెండిగారు నాలుగింటికే ఇంటికెళ్లారు. కౌంటింగ్ రోజున "మోసం!" అని అందరికన్నా గట్టిగా అరిచిందీ ఆయనే. చేతిలో చిత్తుకాగితం లేదు.

"ఎప్పుడైనా ఏదైనా మారిందా?" అన్నది ఆయన బ్రహ్మాస్త్రం. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేశాడు. సెప్టెంబరు 16న అదే ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. మధ్యలో ఆ నెల రోజులూ జనం రోడ్ల మీద ఉన్నారు, బెంచీల మీద కాదు. బిహార్‌లో 2025 ఆగస్టు ముసాయిదా ఓటరు జాబితాలో 65 లక్షల పేర్లు లేవు. ఎవరివో, ఎందుకో చెప్పమని కొందరు కోర్టుకెక్కితే, రెండు వారాల్లో సుప్రీంకోర్టు ఆ పేర్లు కారణాలతో సహా బయటపెట్టమంది. వాళ్లకి లెండిగారి సలహా అంది ఉండదు.

2024 మే 13న ఆంధ్రలో కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటినా లైన్లు తరగలేదు. 81 శాతం పైగా పోలింగు. పొద్దుట్నుంచీ ఎండలో నిలబడ్డ ఆ ఆడకూలీలకి భయం లేదా? పింఛను ఆపేస్తామని, కార్డు తీసేస్తామని ఊళ్లో బెదిరింపు వినేది వాళ్లు. మర్నాడు పనికి పిలవకపోతే పొయ్యి వెలగనిది వాళ్లింట్లో. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటేసింది 48.48 శాతం. ఆ బూత్‌కి వెళ్లని లెండిగారిని ఎవడు బెదిరించాడు? ఏ పింఛను ఆగుతుందని? భయం కూడా పేదవాళ్ల దగ్గర్నుంచి అరువు తెచ్చుకుని, దాన్ని కప్పుకుని పడుకుంటారా? సిగ్గుండాలి!

క్షమించాలి. ఇది గంభీరమైన వ్యాసం.

ఫారం-7 అని ఒకటుంది. అదే నియోజకవర్గంలో ఓటరైతే చాలు, ఎదుటివాడి పేరు ఓటరు జాబితాలోంచి తీసేయమని పెట్టొచ్చు. అబద్ధమని తేలితే ఏడాది దాకా జైలు. 2019 మార్చిలో ఆంధ్రలో ఇవి లక్షల్లో వచ్చిపడ్డాయి. తమ పేరుతో ఎవరో పెట్టారని కొందరు కనుక్కోబట్టే కేసులయ్యాయి. అంతకుముందు 2018 డిసెంబరులో, బూత్‌ దాకా వెళ్లి పేరు లేక వెనుదిరిగిన తెలంగాణ ఓటర్లకి ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో వేలికి సిరా అంటదు. పేరు తీసేస్తూ అధికారి ఆర్డరిస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు, అక్కడా కాదంటే 30 రోజుల్లో ప్రధానాధికారికి. పార్కులో ఎంత నిట్టూర్చినా పేరు తిరిగి రాదు.

ప్రత్యేక శిబిరం పెట్టిన ఆదివారం బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి, బడి వరండాలో ముసాయిదా జాబితా ముందేసుకుని ఈగలు తోలుకుంటూ ఉంటుంది. అభ్యంతరాల లిస్టు గోడకి అంటించి ఉంటుంది. అందులో లెండిగారి పేరు ఉంది. కారణం: 'వేరే చోటికి మారారు'.

ఆయన రోజూ ఆ గోడ పక్కనుంచే వాకింగ్‌కి వెళ్తారు. పదివేల అడుగులు, ఫోన్‌లో లెక్కతో సహా.