బెజవాడ ఉక్కలో వేగం లెక్కలేంటి?

ఐదు కిలోమీటర్ల దగ్గర ఆగిపోయినవాళ్లు హాఫ్ మారథాన్‌కు సిద్ధం కావాలంటే ప్రతి పరుగులోనూ వేగం పెంచుకుంటూ పోవాలని పరుగు సాధన మీద మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. హాఫ్ మారథాన్ అంటే 21.1 కిలోమీటర్లు, దానికి మొట్టమొదట కావాల్సింది ఓపిక. వారంలో ఎక్కువ పరుగులు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగానే ఉండాలి. గుండె, ఊపిరి త్వరగానే అలవాటు పడతాయి. కీళ్లు, ఎముకలకు నెలలు పడుతుంది. ఆ తేడా పట్టించుకోకపోతేనే పిక్కలు, మోకాళ్లు పట్టేసేది.

పైగా మన విజయవాడ సంగతి వేరు. మే నెలలో తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద కూడా ఉక్కపోతే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. అప్పుడు వాచీ చూసుకుని టెన్షన్ పడటం దండగ. ఒంటికి ఎండ అలవాటు కావడానికే దాదాపు రెండు వారాలు కావాలి.

అన్నట్టు, బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. పోయి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు, దూరం కొలవడానికి యాప్ కూడా అక్కర్లేదు! ట్రాఫిక్ మొదలయ్యేలోపు ముగించుకోవాలి, అంతే. రచయిత గారూ, వేసవికి వేరే ప్రణాళిక ఉంటే అదీ రాయండి.