ఆ ప్రశ్న ఆయన్ని ఎందుకు అడగరు?

ఉద్యోగం పని మీద ఊరు వెళ్తున్నానంటే చాలు, "మరి పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?" అని అడుగుతారు. మావారు వెళ్లొస్తే మాత్రం "ప్రయాణం బాగా జరిగిందా?" అంటారు. బడిలో పిల్లవాడికి ఒళ్లు వెచ్చబడితే ఫోను వచ్చేదీ నాకే, ఫారంలో మొదటి నంబరు ఆయనదే అయినా సరే.

అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. స్త్రీ పురుషులు సమానమని ఒప్పుకుంటారు, కూతుళ్లను పట్టుబట్టి చదివిస్తారు. నాకు ఒళ్లు మండేది అందుకే. పిల్లల పెంపకం ఆడా మగా ఇద్దరి ఉమ్మడి బాధ్యత అని మహిళల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1979లోనే చెప్పింది. అయినా ప్రపంచం మొత్తం మీద జీతం లేని ఇంటిచాకిరీ, సంరక్షణ పనిగంటల్లో 76 శాతం ఆడవాళ్లే మోస్తున్నారని 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క తేల్చింది.

ఇందులో మగవాళ్లకూ అవమానం ఉంది. కన్నతండ్రికి బిడ్డను సాకడం చేతకాదని ముందే తీర్మానించేస్తున్నారు! జ్వరం మందు ఎంత మోతాదులో వేయాలో నాకంటే మావారికే బాగా తెలుసు. ఆ సంగతి తెలుసుకోవాలని కూడా ఎవరికీ తోచదు.