బిట్టు మొన దగ్గరే దుమ్మును పట్టాలి

అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు బోరు బండి గురించి వేరే చెప్పనక్కర్లేదు. పొద్దుగూకాక పొలంలోకి లారీ దిగుతుంది, కాసేపటికి కంప్రెషర్ హోరు మొదలవుతుంది. ముందు ఎర్రమట్టి, తరువాత గరుసు, ఆ తరువాత రాయి. రాడ్ల చివరనుండే హ్యామర్ రాయికి తగిలిన క్షణం నుంచి, బోరు నోట్లో దించిన కేసింగ్ గొట్టం పక్కగా తెల్లటి దుమ్ము పైకి ఎగజిమ్ముతుంది. రైతు, ఆయన భార్య, పిల్లలు, పక్క పొలాలవాళ్లు, అందరి కళ్లూ ఆ దుమ్ము మీదే. రంగు మారుతోందా? కాస్త తడి కనిపిస్తోందా? ముద్దలు పడుతున్నాయా? ఇరవై అడుగుల రాడ్డు ఒక్కొక్కటే దిగుతున్న కొద్దీ అప్పు పెరుగుతుంది, దుమ్ము మాత్రం దుమ్ముగానే ఉంటుంది. మా చిన్నాన్న పొలంలో మూడో బోరు వేసిన రాత్రి నేను చూసింది ఇదే. తెల్లవారేసరికి గట్టు మీది వేపచెట్టు ఆకులన్నీ పిండి చల్లినట్టు తెల్లబడ్డాయి. రాడ్లు మార్చే కుర్రవాడు నోరు పుక్కిలించి ఉమ్మితే బూడిదరంగు నీళ్లు పడ్డాయి.

ఆ దుమ్ము ఎంతో ఒకసారి లెక్క వేసి చూశాను. ఆరున్నర అంగుళాల బోరు ఒక్క అడుగు దిగితే దాదాపు 17 కిలోల రాయి పొడి కావాలి. రంధ్రం వైశాల్యాన్ని లోతుతో, గ్రానైటు సాంద్రతతో గుణిస్తే తేలే అంకె ఇది. నీళ్లు పడకుండా 800 అడుగులు పోయిన బోరు అంటే 14 టన్నులకు దగ్గరగా రాయిని పొడిచేసి గాలిలోకి ఊదామన్నమాట. అప్పు సంగతి ఊరంతా మాట్లాడుకుంటుంది. ఈ 14 టన్నుల గురించి మాట్లాడినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

రాయిలోనో కాంక్రీటులోనో రంధ్రం పెట్టే ఏ పనిముట్టయినా లోపలి పొడిని బయటికి తీయవలసిందే. తీయకపోతే మొన ముందుకు కదలదు, పొడినే మళ్లీ పొడి చేస్తూ వేడెక్కిపోతుంది. బోరు బండిలో ఆ పని గాలి చేస్తుంది. రాడ్డు నడుమగుండా దిగిన గాలి పొడిని పక్కలనుంచి పైకి నెట్టుకొస్తుంది. చేతి డ్రిల్లుకు ముందు బిగించే తొలిచే కడ్డీనే బిట్టు అంటారు. మామూలు బిట్టులో ఒంటి పొడవునా తిరిగిన మెలిక గాడి ఆ పని చేస్తుంది. కాబట్టి రంధ్రంలోంచి దుమ్మును బయటికి తీసుకురావడం పాత విద్యే, అందులో మనం ఎప్పుడో ఆరితేరాం. బయటికి వచ్చిన దుమ్ము ఎటు పోవాలన్నది మాత్రం పట్టించుకోలేదు. ఎవరి ముఖం దగ్గరగా ఉంటే వారి ముక్కులోకి పోతోంది.

ఈ ప్రశ్నకు ఒక మంచి జవాబు కొన్నేళ్లుగా మార్కెట్లో ఉంది. అది బోలు బిట్టు. పైకి మామూలు బిట్టులాగే కనిపిస్తుంది కానీ నడుమ గొట్టంలా ఖాళీగా ఉంటుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన పక్కనే చిన్న కన్నాలుంటాయి. మెడ దగ్గర ఒక కాలరు, ఆ కాలరుకు వ్యాక్యూమ్ గొట్టం. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ మొన దగ్గర పుట్టిన పొడి పుట్టినచోటే లోపలికి లాగబడి, బిట్టు కడుపులోంచి నేరుగా డబ్బాలోకి వెళ్లిపోతుంది. రంధ్రం అంచు దగ్గర వేలు పెట్టి చూస్తే అంటేది చాలా కొద్ది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. గోడ కింద పరిచిన పాత న్యూస్‌పేపరు మీద అక్షరాలు చదవగలిగేంత శుభ్రంగా ఉంది.

బిట్టును బోలుగా చేయాలన్న ఆలోచన నిజానికి కొత్తది కాదు. 1890లలో అమెరికాలోని డెన్వర్‌కు చెందిన జాన్ జార్జ్ లేనర్ గనుల కోసం ఒక కొత్త డ్రిల్లు తయారు చేశాడు. ఉక్కు కడ్డీని బోలుగా చేసి అందులోంచి గాలి పంపాడు. రంధ్రం శుభ్రంగా ఖాళీ అయింది, పని వేగం పెరిగింది. కానీ ఆ దుమ్మంతా గని కార్మికుల ముఖాల మీదికే వచ్చింది. వాళ్లు ఆ డ్రిల్లుతో పని చేయబోమన్నారు. అప్పుడు లేనర్ అదే బోలులోంచి గాలితోపాటు నీళ్లు కూడా పంపాడు, దుమ్ము బురదయింది. పొడిగా తొలిచే ఆనాటి డ్రిల్లులకు గని కార్మికులు పెట్టుకున్న పేరు 'విధవలను చేసే యంత్రం'. మన బోరు బండ్లు ఇంకా లేనర్ మొదటి డ్రిల్లు దగ్గరే ఆగిపోయి ఉన్నాయని నాకు అనిపిస్తుంది.

దుమ్ములో అంత ప్రమాదం ఏముంది? మన నేలంతా దుమ్మే కదా, తాతముత్తాతలు పీల్చలేదా అని అడిగేవారున్నారు. పొలం దుమ్ము వేరు, అప్పుడే పగిలిన రాయి దుమ్ము వేరు. అచ్చమైన గ్రానైటులో అయిదో వంతుకు తగ్గకుండా క్వార్ట్జ్ ఉంటుంది. కాంక్రీటులో వేసే ఇసుక ఎక్కువగా క్వార్ట్జే, కంకర మన దగ్గర గ్రానైటు జాతి రాయే. క్వార్ట్జ్ అంటే స్ఫటిక సిలికా. అది మిల్లీమీటరులో వెయ్యో వంతు కొలతలోకి నలిగితే కంటికి కనపడదు, ముక్కు వెంట్రుకలకు చిక్కదు, ఊపిరితిత్తుల చివరి సంచుల దాకా వెళ్లి కూర్చుంటుంది. శరీరం దాన్ని కరిగించలేదు, బయటికి తోయలేదు. దాని చుట్టూ మచ్చ కడుతుంది, ఆ మచ్చలు పెరిగి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. పోయిన ఊపిరిని వెనక్కి తెచ్చే మందు లేదు. మామూలుగా పదేళ్లకు పైబడి పీల్చినవారిలో బయటపడుతుంది, దుమ్ము విపరీతంగా ఉంటే అంతకన్నా ఎంతో ముందే. సిలికా పేరుకున్న ఊపిరితిత్తికి క్షయ సులువుగా సోకుతుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. ఏం పని చేశావని అడగకుండా మందులు రాస్తే అది క్షయ చీటీగానే మిగిలిపోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే పీల్చే స్ఫటిక సిలికాను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో పెట్టింది. కానీ ఈ వారం ఒక మేస్త్రి దగ్గర, వచ్చే వారం ఇంకొకరి దగ్గర గోడలు తొలిచే కుర్రవాడు ఏ ఫ్యాక్టరీ హాజరు పట్టీలోనూ ఉండడు.

ఇప్పుడు ఇళ్ల సంగతికి వస్తాను. అనంతపురం, కర్నూలు, కడప ఏ ఊళ్లో చూసినా పాత ఇళ్ల మీద కొత్త అంతస్తులు లేస్తున్నాయి. పాత పిల్లరులో, పాత బీములో రంధ్రం పెట్టి, కెమికల్ అని పిలిచే గట్టి జిగురు నింపి, కొత్త ఇనుప కడ్డీ దించుతారు. 16 మిల్లీమీటర్ల కడ్డీకి 20 మిల్లీమీటర్ల రంధ్రం, 160 మిల్లీమీటర్ల లోతు అనుకుందాం. ఆ ఒక్క రంధ్రం నుంచి సుమారు 120 గ్రాముల పొడి వస్తుంది. వంద రంధ్రాలకు 12 కిలోలు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీల్చదగ్గ సిలికా ఎనిమిది గంటల సగటున 50 మైక్రోగ్రాములు దాటకూడదు. పని చేసే మనిషి ఆ ఎనిమిది గంటల్లో పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే ఆ హద్దు రోజుకు అర మిల్లీగ్రాము. 120 గ్రాముల పొడిలో ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేంత సన్ననిది కొంచెమే కావచ్చు, అందులో సిలికా మరీ కొంచెం కావచ్చు. అయినా అర మిల్లీగ్రాము పక్కన 120 గ్రాములను పెట్టి చూడండి. అదీ ఒక్క రంధ్రానికే.

తువ్వాలు కట్టుకుంటున్నాడు కదా అంటారు. తువ్వాలు నేత సందుల్లోంచి ఈ పొడి హాయిగా దూరిపోతుంది. మంచి మాస్కు ఇవ్వడం తప్పకుండా కావలసిన పనే, కానీ ఏప్రిల్ నెలలో నలభై డిగ్రీల ఎండకు కాగిన స్లాబు కింద, తల పైకెత్తి, బరువైన డ్రిల్లు పట్టుకుని, చెమటకు తడిసిన మాస్కును రోజంతా ముఖానికి బిగించుకుని ఉండమనడం పని చేయించుకునేవారికి సులువు, చేసేవారికి నరకం. అందుకే మాస్కును ఆఖరి కవచంగా ఉంచుకోవాలి తప్ప అదే మొత్తం రక్షణ అనుకోకూడదు. దుమ్మును పుట్టినచోటే పట్టేస్తే ముక్కు దగ్గర పట్టవలసింది తగ్గిపోతుంది.

తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి కోసే షెడ్లలోకి వెళ్లి చూస్తే రంపపు చక్రం మీద నీటి ధార పడుతూనే ఉంటుంది. నీళ్లు ఆగితే పని ఆపేస్తారు. చక్రం కాలిపోతుందన్న భయం అది. చక్రాన్ని కాపాడుకోవడానికి పెట్టిన నీళ్లు పక్కనున్న మనిషిని కూడా కొంత కాపాడుతున్నాయి. కరెంటు డ్రిల్లుతో పొడిగా తొలిచేచోట అలా వెంటనే పాడయ్యే వస్తువు ఏదీ లేదు, పాడయ్యేది ఊపిరితిత్తి ఒక్కటే, అదీ పదేళ్లకు. చేతి డ్రిల్లు మీద నీళ్లు పోయడం కుదరదు, షాకు కొడుతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లాలో ప్రతి పనికీ నీళ్లు పెట్టడమూ కుదరదు. చుక్క నీరు అడగని బోలు బిట్టు మన నేలకు తగిన పనిముట్టు అని నేను గట్టిగా నమ్మడానికి ఇది ఒక కారణం.

ఇంకో కారణం ఇంటి యజమానికి సంబంధించినది. కెమికల్ పెట్టి దించిన కడ్డీ బలమంతా కెమికల్ కాంక్రీటు గోడను పట్టుకోవడంలో ఉంది. రంధ్రం గోడకు పొడి అంటుకుని ఉంటే కెమికల్ ఆ పొడిని పట్టుకుంటుంది, గోడను కాదు. పట్టు బాగా తగ్గిపోతుంది. అందుకే ఊది, బ్రష్ కొట్టి, మళ్లీ ఊదాలని కెమికల్ డబ్బాతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. మన దగ్గర జరిగేది ఏమిటి? సన్నని ప్లాస్టిక్ గొట్టం రంధ్రంలో పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, కుర్రవాడు నోటితో ఒక్క ఊపు ఊదుతాడు. పొడి మళ్లీ అతని ముఖం మీదికే వస్తుంది, ఊపిరి తీసుకునేది ఆ వెంటనే. వందో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఆ ఊదడం కూడా ఉండదు. బోలు బిట్టుతో తొలిచిన రంధ్రం తొలవడం పూర్తయ్యేసరికే శుభ్రమై ఉంటుంది. దానికి సరిపోయే కెమికల్ వాడితే విడిగా ఊదే పని అక్కర్లేదని తయారీదారులే ఒప్పుకుంటారు. అంటే కుర్రవాడి ఊపిరికీ, పై అంతస్తు పట్టుకూ కావలసింది ఒకటే. ఈ విషయం ఇల్లు కట్టించేవారికి చెప్పేవారు లేరు.

ఇబ్బందులు లేవని నేను అనను. బోలు బిట్టు మామూలు బిట్టుకు ఎన్నో రెట్లు ఖరీదు. తడి కాంక్రీటులో కన్నాలు పూడుకుపోతాయి. కరెంటు పనివాళ్లు గోడకు కొట్టే సన్న రంధ్రాలకు అది పనికిరాదు, వాటికి రంధ్రం చుట్టూ గోడకు అంటుకుని దుమ్మును లాగే పీల్చు గిన్నె సరిపోతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ తగిలిస్తే మరీ ప్రమాదం, లావు పొడిని ఉంచుకుని అసలు చంపే సన్న పొడిని వెనకనుంచి గదిలోకి వదిలేస్తుంది. సన్న పొడిని ఆపే మంచి ఫిల్టరు, దాన్ని మధ్యమధ్య దులిపే ఏర్పాటు ఉన్న యంత్రమే కావాలి. ఇదంతా రంధ్రానికి ఇంత అని కూలి తీసుకునే మనిషి కొనుక్కోగలిగేది కాదు. అతన్ని కొనుక్కోమనడం అన్యాయం కూడా.

కాబట్టి ఖర్చు పనిలో కలవాలి. ప్రభుత్వ ఇంజినీరింగ్ శాఖలు అంచనాలు వేసే ధరల పట్టిక, అందరూ ఎస్‌ఎస్‌ఆర్ అని పిలిచేది, అందులో దుమ్ము పట్టే డ్రిల్లింగును విడి పనిగా చూపి ధర కట్టాలి. ధర ఉంటే కాంట్రాక్టరు సామాను తెస్తాడు, లేకపోతే ఎన్ని సర్క్యులర్లు పంపినా తేడు. నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేస్తున్నారు. జబ్బు పడ్డాక సాయం చేయడంతోపాటు, ఆ డబ్బుతో ప్రతి పట్టణంలో ఇలాంటి యంత్రాలను రోజు అద్దెకు ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. సెంట్రింగ్ సామాను, వైబ్రేటర్లు అద్దెకు ఇచ్చే దుకాణాలు మన ఊళ్లలో ఎలాగూ ఉన్నాయి. బోరు బండ్ల విషయానికి వస్తే చేతిలో చట్టమే ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, కింద బండ్లు నమోదు చేసుకోవాలి. ఆ నమోదుకు ఒక షరతు చేర్చడం పెద్ద పని కాదు. రంధ్రం నోటి దగ్గర మూత, పైకి వచ్చే గాలిలో కొద్దిగా నీటి తుంపర, దుమ్మును మనుషులకు దూరంగా గాలివాటుకు మళ్లించే గొట్టం. అమెరికా నిబంధన బండి మీది రిగ్గులకు చెప్పేది కూడా దాదాపు ఇదే దారి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే బండి అయినా, మన ఊరి బండి అయినా ఒకటే షరతు.

ఈ వేసవిలో మా ఇంటి పై అంతస్తు పని పెట్టుకున్నప్పుడు ఈ మాటలన్నీ మాట్లాడి ఊరుకోవడం నాకు నచ్చలేదు. బిట్టు, వ్యాక్యూమ్ బెంగళూరు నుంచి అద్దెకు తెప్పించాను. మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, పని ఆలస్యమవుతుందన్నాడు. రెండో రోజు ఊదే పని, బ్రష్ పని లేకపోవడం చూసి మాట్లాడలేదు. డ్రిల్లు పట్టిన అబ్బాయి సాయంత్రం ముఖం కడుక్కుని, తువ్వాలు దులిపి, "సార్, ఈ రోజు తువ్వాలు తెల్లబడలేదు" అన్నాడు. అతనికి ఇరవై రెండేళ్లు, ఆరేళ్లుగా ఇదే పని.

చివరి రోజు డబ్బా నిండింది. దాన్ని ఎక్కడ ఒంపాలన్నది అప్పుడు గుర్తొచ్చింది. వీధిలో కుమ్మరిస్తే పట్టిన దుమ్మంతా మళ్లీ లేస్తుంది. డబ్బా లోపలి దుమ్ము సంచిని విప్పకుండానే నీళ్ల తొట్టిలో ముంచి, బాగా నాననిచ్చి, ముద్దగా చేసి, మెట్ల కింద పూడ్చవలసిన గుంతలో వేసి పైన మట్టి కప్పాం. ఆ అబ్బాయే పారతో చదును చేశాడు.