శిరస్త్రాణ మాహాత్మ్యం

రీమేకు అనగానే మన సినిమావాళ్ల నోట వచ్చే మొదటి మాట నేటివిటీ. పరాయి కథను తెచ్చుకున్నాక పేర్లు మార్చాలి, ఊరు మార్చాలి, నాయికకు ఒక మేనత్తను కల్పించాలి, ఆపైన ఫైట్లన్నీ మళ్లీ మొదటినుంచి తీయాలి. ఇంత ఖర్చు దేనికని నేను చాలాకాలంగా మథనపడుతున్నాను. ఈ సమస్యకు 1993లోనే అమెరికాలో పరిష్కారం దొరికింది. దాని పేరు హెల్మెట్టు.

తలంతా కప్పేసి, కళ్లదగ్గర నల్లటి అద్దం బిగించిన హెల్మెట్టు పెట్టుకున్న మనిషికి దేశం ఉండదు, భాష ఉండదు, పెదవులు కదలవు గనుక డబ్బింగ్ బాధ అసలే ఉండదు. ఈ పరమసత్యాన్ని గ్రహించిన మహానుభావుడు హైమ్ సబాన్ అనే నిర్మాత. ఆయన 1980లలో జపాన్ వెళ్లినప్పుడు అక్కడి టీవీలో రంగురంగుల బిగుతు దుస్తులు తొడుక్కున్న ఐదుగురు యోధులు రాక్షసులతో తలపడటం చూసి ముచ్చటపడి, ఆ పోరాటాలను అలాగే ఉంచి మనుషుల్ని మాత్రం మార్చేద్దామని ఏళ్ల తరబడి అమెరికా చానళ్ల గడపలు ఎక్కి దిగారు. చివరికి ఫాక్స్ కిడ్స్ ఒప్పుకుంది. 1993 ఆగస్టు 28న 'మైటీ మార్ఫిన్ పవర్ రేంజర్స్' మొదలైంది.

దానికి మూలం జపాన్‌లోని తోయే సంస్థ తీసిన 'క్యోర్యూ సెంటాయ్ జ్యురేంజర్'. 1975లో 'గోరెంజర్'తో మొదలైన సూపర్ సెంటాయ్ (సెంటాయ్ అంటే దళం) పరంపరలో అది పదహారవది, 1992 ఫిబ్రవరి నుంచి ఏడాదిపాటు యాభై భాగాలుగా టీవీ అసాహిలో వచ్చింది. (నిజానికి ఈ పరంపరలోకి మనుషులు తోలే మహాయంత్రం వచ్చింది 1979 నాటి 'బ్యాటిల్ ఫీవర్ జె'తో. అంతకు ముందు ఏడాది తోయే వాళ్లు అమెరికా వారి స్పైడర్‌మ్యాన్‌ను తెచ్చుకుని, సాలీడు మనిషికి ఒక్క సాలెగూడు ఏం సరిపోతుందని లెపార్డాన్ అనే మరమనిషిని కూడా ఇప్పించారు. అది అచ్చొచ్చింది. అంటే అమెరికా తన విత్తనాలకు కాసిన పంటనే పద్నాలుగేళ్ల తర్వాత రొక్కమిచ్చి కొనుక్కుందన్నమాట.)

ఇక ఆచరణలో ఈ విద్య ఎలా పనిచేస్తుందో గమనించండి. కాలిఫోర్నియాలోని ఏంజెల్ గ్రోవ్ అనే కల్పిత పట్టణంలో ఐదుగురు పిల్లలు జ్యూసు కొట్టు దగ్గర కూర్చుని నిజాయితీ గురించో, చదువు గురించో నాలుగు మంచి మాటలు చెప్పుకుంటారు. అపాయం వస్తుంది. పచ్చిక మీద నిలబడి నడుము బిళ్లలు చేతబట్టి ఒక్కొక్క ప్రాచీన జంతువు పేరూ అరుస్తారు. మరుక్షణం హెల్మెట్లు వచ్చేస్తాయి, పచ్చిక మాయమైపోతుంది, ఐదుగురూ జపాన్‌లోని ఏదో రాతి క్వారీలో తేలతారు. చెట్లెక్కడికి పోయాయని అడిగిన పిల్లవాడు ఆ రోజుల్లో ఒక్కడూ లేడు. ఆపైన రాక్షసుడు కొండంత పెరిగి నగరాన్ని తొక్కేస్తాడు. కూలిన మేడలన్నీ జపాన్ కళాకారులు చెక్కాముక్కా అతికించి కట్టిన బొమ్మ మేడలు గనుక అమెరికా మునిసిపాలిటీకి నయాపైసా నష్టం లేదు. మన దగ్గర హీరోకు డూపు ఉంటాడు. ఇక్కడ హీరోయే డూపు. అతడు జ్యూసు తాగే సన్నివేశాల కోసం మాత్రమే పిలిపించిన మనిషి.

పసుపుపచ్చ యోధుడి ఉదంతాన్ని ఈ శాస్త్రంలో ప్రామాణిక ప్రయోగంగా పరిగణించాలి. జపాన్‌లో ఆ దుస్తుల్లో ఉన్నవాడు బోయ్ అనే కుర్రవాడు. అమెరికాలో అదే పాత్ర ట్రినీ అనే అమ్మాయి. గులాబీ రంగు యోధురాలికి నడుము కింద చిన్న పావడా ఉంటే, పసుపు యోధురాలికి లేకపోవడానికి కారణం ఇంతే. కొందరు దీనిని లోపమంటారు. నేను ఒప్పుకోను. మార్ఫింగ్ అన్న మాటకు రూపాంతరం అని కదా అర్థం! పావడాతో సహా మారకపోతే అదేమి రూపాంతరం?

రెండో విడతకు వచ్చేసరికి ఈ విద్య మరింత పదునెక్కింది. దుస్తులు పిల్లలకు నచ్చాయి గనుక జ్యురేంజర్‌వే ఉంచారు. మహాయంత్రాలు మాత్రం ఆ తర్వాతి సెంటాయ్ అయిన 'దైరేంజర్' నుంచి, మూడో విడతకు 'కాకురేంజర్' నుంచి దింపారు. పాత లారీ క్యాబిన్‌కు కొత్త ఇంజన్, మరో బండి తొట్టి బిగించి రోడ్డెక్కించే మన ఆటోనగర్ మేస్త్రీలు చూస్తే చేతులెత్తి దండం పెట్టేవారు. దైరేంజర్‌లోని తెల్ల దుస్తుల యోధుడు జపాన్‌లో ఒక పసివాడు. మారినప్పుడు మాత్రమే పెద్దవాడిలా కనిపిస్తాడు. అమెరికాలో ఆ తెల్ల దుస్తులు టామీ అనే ఎదిగిన కుర్రవాడికి దక్కాయి. దేశాన్నీ లింగాన్నీ దాటేసిన హెల్మెట్టుకు వయసొక లెక్కా?

అయితే ఈ మహత్కార్యంలో నన్ను నిద్రపోనివ్వనిది ఒక్క కొవ్వొత్తి. జపాన్ కథలో ఆకుపచ్చ యోధుడు బురాయ్, నాయకుడు గెకీకి సొంత అన్న. యుగాల నిద్రలో ఉండగానే అతడి ఆయువు తీరిపోయింది. ప్రాణదేవత అతడికి కొద్దిపాటి గడువు అప్పుగా ఇచ్చింది. ఆ గడువే ఒక ఆకుపచ్చ కొవ్వొత్తి. కాలం కదలని ఒక గదిలో కూర్చున్నంతసేపూ అతడు క్షేమం. తమ్ముడికి సాయంగా బయట అడుగుపెట్టిన ప్రతిసారీ మైనం కరుగుతుంది. అంటే ప్రతి ఫైటుకూ అతడు తన రోజుల్లోంచి ఖర్చు పెట్టుకుంటున్నాడు. నలభై రెండో భాగంలో కొవ్వొత్తి కొండెక్కుతుంది, అన్న పోతాడు, తమ్ముడు గుండెలవిసేలా ఏడుస్తాడు. పిల్లల కార్యక్రమమే ఇది, పొరపడకండి.

అమెరికాలో కొవ్వొత్తి ఉంది. రంగు కూడా అదే ఆకుపచ్చ. చివరికి అదీ ఆరిపోతుంది. కాకపోతే అక్కడ కరిగేది ఆయువు కాదు, శక్తులు. కొవ్వొత్తి ఆరిపోగానే అక్కడి ఆకుపచ్చ యోధుడైన టామీ మామూలు కుర్రవాడైపోయి కాస్త దిగులుపడతాడు. దిగులు తీరాక మళ్లీ వస్తాడు, ఇంకోసారి పోతాడు, ఆఖరికి పైన చెప్పిన తెల్ల దుస్తుల్లో దిగుతాడు. చావును విద్యుత్ కోతగా అనువదించిన ఆ కలానికి ఏ పురస్కారమిచ్చినా తక్కువే.

రాక్షసుల్ని పంపే మంత్రగత్తె బండోరాకూ ఇదే వైద్యం జరిగింది. జపాన్‌లో ఆమెకు డైనోసార్లంటే పగ ఎందుకంటే, తన కొడుకు డైనోసార్ చేతిలో చనిపోయాడు. ఆ దుఃఖంతోనే దెయ్యానికి ఆత్మను అమ్ముకుంది. చివర్లో ఆ కొడుకు కోసం కన్నీళ్లు పెట్టుకోవడంతో ఆమె మంత్రశక్తి నశిస్తుంది. ఆ పాత్ర వేసిన మచికో సోగా ముఖానికే అమెరికాలో ఇంగ్లీషు గొంతు పెట్టి రీటా రిపల్సా అని పేరు పెట్టారు. కొడుకును తీసేశారు. కొడుకు పోయిన దుఃఖం స్థానంలో ఓడినప్పుడల్లా తలనొప్పి పెట్టారు. తలనొప్పికి మాత్ర ఉంటుంది, పైగా మర్నాటికి తగ్గి కొత్త రాక్షసుడిని పంపవచ్చు.

హెల్మెట్టు పరమార్థం మాత్రం 1994లో వెల్లడైంది. పారితోషికం దగ్గర పేచీ వచ్చి ముగ్గురు నటులు తప్పుకున్నారు. మన దగ్గరైతే షూటింగ్ ఆగిపోయేది, ఛాంబర్‌లో పంచాయతీ జరిగేది. అక్కడ కొన్ని భాగాలు పాత ముక్కలతో, వెనకనుంచి తీసిన దృశ్యాలతో, ముఖ్యంగా హెల్మెట్లతో గడిచిపోయాయి. ఆపైన ఆ ముగ్గురు పాత్రలనూ స్విట్జర్లాండ్‌లో శాంతి సదస్సుకు పంపించేశారు. భూగోళాన్ని రాక్షసులు తొక్కేస్తుండగా ముగ్గురు యోధులు ప్రసంగాలు చేయడానికి వెళ్లడంలోని ఔచిత్యం నాకు అప్పట్లో అర్థం కాలేదు. జీతం పెంచమన్నవాడిని శాంతి కోసం పంపించే ఆనవాయితీ మన కార్యాలయాల్లోనూ ఉందని ఉద్యోగంలో చేరాక తెలిసింది.

న్యూజిలాండ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. పిల్లలు తన్నుకుంటున్నారన్న ఫిర్యాదులతో 1994లో అక్కడ ఈ కార్యక్రమాన్ని ప్రసారం నుంచి తొలగించారు. 2003 నుంచి దాని చిత్రీకరణ జరిగింది సాక్షాత్తూ ఆ న్యూజిలాండ్‌లోనే. వండటానికి అనుమతి, వడ్డనకు నిషేధం.

అలా న్యూజిలాండ్‌లో తీసినవాటిలో ఒకటి 2005 నాటి 'ఎస్.పి.డి.'. దాని మూలం జపాన్‌లో అంతకు ముందు ఏడాది వచ్చిన 'దెకారేంజర్'. తెలుగునాట ఒక తరం పిల్లలు దీనిని తెలుగు మాటలతో చూశారు. బడినుంచి వచ్చి సంచీ విసిరేసి, టీవీ ముందు పళ్లెంతో కూర్చునేవారు. వాళ్లలో నేనూ ఉన్నాను. హెల్మెట్టు పెట్టుకున్నప్పుడు మాటలు చక్కగా అతికేవి. హెల్మెట్టు తీయగానే పెదవులు ఒక దారి, తెలుగు ఒక దారి. అందుకే మా ఇంట్లో రాక్షసుడు ఎంత తొందరగా వస్తే అంత మంచిదనుకునేవాళ్లం.

కానీ అసలు ఘట్టం 2011లో జపాన్‌లో జరిగింది. 'ఎస్.పి.డి.'ని అక్కడ జపనీస్‌లో ప్రసారం చేయవలసి వచ్చినప్పుడు గొంతులివ్వడానికి దెకారేంజర్ నటులనే పిలిచారు. తమ పాత్రలను వేసిన అమెరికా ముఖాలకు వాళ్లు కూర్చుని శ్రద్ధగా జపనీస్‌లో మాటలు చెప్పారు. తెర మీద పిల్లలు మారి హెల్మెట్లు వచ్చేసరికి, ఎదురుగా కనిపించేది ఆరేడేళ్ల కిందట వాళ్ల దేశంలోనే తీసిన ఫైటు. ఆ హెల్మెట్టు లోపల ఉన్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ గొంతిచ్చిన నటుడు కాదు, అమెరికావాడు అసలే కాదు, పేరు తెలియని ఒక స్టంటు కళాకారుడు. అతడు ఆ రోజు షాటు ఓకే కాగానే చెమట తుడుచుకుని ఇంటికెళ్లి భోంచేసి ఉంటాడు.