ముందు సంతకాలు, తరువాత సమావేశమా?

ఇప్పుడే బడి దగ్గర్నుంచి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు. రేపు రాద్దాం అనుకుంటే రేపటికి ఎవరో ఒకరు వచ్చి "పోనీలే, మనకెందుకు గొడవ" అని నోరు మూయిస్తారు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది.

మా ఊరి ప్రాథమిక పాఠశాలను ఏం చెయ్యాలో గ్రామస్తులతో కలిసి నిర్ణయిస్తామని ఈరోజు సమావేశం పెట్టారు. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న మా పర్లాకిమిడి చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఇలాంటి సమావేశాలు ఎలా జరుగుతాయో నేను చెప్పక్కర్లేదు. పొద్దున్న పదకొండు గంటలకి పెట్టారు. అందులోనూ సంత రోజు. ఉభాలు (వరి నాట్లు) జోరుగా సాగుతున్నాయి. కూలికి పోయిన ఆడవాళ్ళు ఆ టైముకి ఎలా వస్తారు? నోటీసు ఒక్క ఒడియాలోనే రాసి బడి గోడకి అంటించారు. ఒడియా వచ్చినవాళ్ళు చదివారు, రానివాళ్ళకి ఎవరైనా చెప్తే తెలిసింది. సగం ఊరికి తెలియనే లేదు.

సరే, వెళ్ళాం. కూర్చున్నామో లేదో రిజిస్టరు తిప్పడం మొదలుపెట్టారు. హాజరు కోసం అన్నారు. పదో తరగతి దాకా ఒడియా చదివినవాణ్ణి కాబట్టి పేజీ పైన ఏముందో చదివాను. తీర్మానం అప్పటికే రాసేసి ఉంది. భవనం శిథిలావస్థలో ఉందని, పిల్లల్ని గెడ్డ (వాగు) అవతలి బడిలో కలపడానికి గ్రామస్తులు ఏకగ్రీవంగా అంగీకరించారని. ఇంకా ఒక్కరు కూడా నోరు తెరవలేదు. ఆఫీసు నుంచి వచ్చినాయన బండి దిగి చెమట తుడుచుకుంటున్నాడు. మా అంగీకారం మాత్రం కాగితం మీదకి ఎక్కేసింది.

ఇదేంటండీ అని అడిగితే, "ఫార్మాట్ అంతే బాబూ, అన్ని బళ్ళకీ ఇలాగే రాస్తాం. మీరు చెప్పేవి తర్వాత కింద రాసుకుంటాం" అన్నారు. సంతకాలన్నీ అయిపోయాక, వాటి కింద రాసింది పైవాళ్ళు ఎవరు చదువుతారండీ?

నాకు బాగా తగిలింది మాత్రం ఇంకోటి. మా బడి కమిటీలో ఒకావిడ ఉంది, నాకు పిన్ని వరస. ఆ బడిలోనే మూడో తరగతి దాకా చదివింది. సంతకం పెట్టడం అక్కడే నేర్చుకుంది, తెలుగులో. ఇప్పుడు ఆవిడ మనవరాలు అక్కడే రెండో తరగతి. రిజిస్టరు నాకన్నా ముందు ఆవిడ చేతికి వెళ్ళింది. ఒక్కో అక్షరం నిదానంగా గుండ్రంగా తన పేరు రాసింది. పైన ఏం రాసి ఉందో ఆవిడకి తెలీదు, ఎవరూ చెప్పలేదు. నేను చదివి చెప్పాక, "అదేటి బాబూ, బడి ఎత్తేత్తామంటే నానెందుకు ఒప్పుకుంతాను?" అంది. తన పేరు కొట్టెయ్యమని అడిగింది. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదని చెప్పారు. బడి మూసెయ్యడానికి ఆ బడి నేర్పిన సంతకాన్నే వాడుకున్నారు. దీనికి నేను కోపం తెచ్చుకోకూడదా?

ఊళ్ళోవాళ్ళకి చట్టం తెలీదనుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ చూడండి. బడి యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 22వ సెక్షన్ చూడండి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యాల్సింది ఆ కమిటీయే. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకి ఆ ప్రణాళికే ఆధారం కావాలి. అంటే కాగితం మా అరుగు మీద పుట్టి ఆఫీసుకి వెళ్ళాలి. మా దగ్గర అది ఆఫీసులో పుట్టి సంతకాల కోసం మా అరుగు మీదకి వచ్చింది. అసలు మా బడికి ప్రణాళిక ఉందా అని అడిగాను. ఉందన్నారు. చూపించమంటే ఆన్‌లైన్‌లో ఉందన్నారు. కమిటీ అధ్యక్షుడు నా పక్కనే కూర్చున్నాడు, ఆయనకే ఆ సంగతి తెలీదు.

భవనం పాతదే, కాదనను. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో కట్టింది. సున్నపు గోడలు, టేకు దూలాలు, పెంకులు, ముందు పొడుగాటి అరుగు. తరువాత ఎప్పుడో పక్కన ఒక రేకుల గది చేర్చారు, ఎండాకాలం అందులో పిల్లలు కూర్చోలేరు. పాత గదిలో ఒక మూల వాన కారుతుంది, అక్కడి దూలాలకి చెద పట్టింది. ఇంజినీరు గారు వచ్చి, ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. మా తాపీ మేస్త్రి ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఊళ్ళో ఏ గోడ ఎప్పుడు లేచిందో చెప్పగలడు. "గోడలకేటవలేదు, ఆ దూలాలు మార్చి పెంకు తిరగేస్తే చాలు" అని ఏడాదిగా అంటున్నాడు. ఆయన్ని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో రేకులన్నీ ఎగిరిపోతే జనం పరుగెత్తింది ఆ పాత గదిలోకే. పెంకులు లేచిపోయాయి గానీ గోడ కదల్లేదు.

అయినా నేను ఇంజినీరుకన్నా ఎక్కువ తెలిసినవాణ్ణని చెప్పడం లేదు. సరిగ్గా పరీక్ష చేసి, ఇది పిల్లలకి ప్రమాదం అని తేలిస్తే రేపే పడగొట్టండి, మేమే వచ్చి పెంకులు దించుతాం. నా కూతురు కూడా ఆ కప్పు కిందే కూర్చుంటుంది, ఆ భయం ఆఫీసుకన్నా నాకే ఎక్కువ. కానీ అదే స్థలంలో మళ్ళీ కట్టాలి కదా! గది పాడైందంటే ఊరికి బడే అక్కర్లేదని అర్థమా? ఈ రెండూ కలిపి ఒకే తీర్మానంలో ఎలా రాస్తారు?

ఇక గెడ్డ సంగతి. అవతలి బడి కిలోమీటరు లోపే ఉందని ఫోన్లో మ్యాపు చూపించారు. గీత గీస్తే అంతే వస్తుంది. మధ్యలో గెడ్డ ఉందని ఆ గీతకి తెలీదు. అక్కడున్న కాజ్‌వే శ్రావణంలో సగం రోజులు నీళ్ళ కిందే ఉంటుంది. వంతెన మీదుగా వెళ్ళాలంటే ఇసుక లారీలు తిరిగే రోడ్డెక్కి చుట్టూ తిరగాలి. కేంద్రం పెట్టిన నిబంధనల్లో ఒకటి నుంచి ఐదు తరగతుల బడి 1 కిలోమీటరు నడక దూరంలో ఉండాలని ఉంది. నడక దూరం! ఆరేళ్ళ గుంట సంచి తగిలించుకుని నడిచే దూరం. పైగా తిత్లీ వరదకి అవతలి బడి ఆవరణలో నీళ్ళు నిలిచిపోయాయని మా ముసలాళ్ళందరికీ తెలుసు. ఆ ప్లాను గీసినవాళ్ళు మా ముసలాళ్ళతో ఒక పూట కూర్చుని ఉంటే ఈ మాట తెలిసేది. ఊరిని అడగడం అంటే నేను అనుకునేది ఇదే. నీళ్ళు ఎటు వస్తాయో, ఏ పిల్ల ఏ దారిన వస్తుందో, పొద్దున్న ఇంట్లో ఎవరుంటారో మాకు తెలుసు. అది అడిగి రాసుకోండి.

"పిల్లలే తగ్గిపోయారు కదా" అన్నారు. ఎందుకు తగ్గారో కూడా రాయండి. తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. పుస్తకాలు దసరా దాటాక వస్తాయి, ఒక్కో ఏడు అవీ రావు. ఇప్పుడున్న ఒడియా మాస్టారు మంచి మనిషి, ఆయన్ని ఒక్క మాట అనను. ఐదు తరగతులూ ఆయనొక్కరే చూస్తారు, మధ్యాహ్న భోజనం లెక్కలూ ఆయనే రాస్తారు. 60 మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లుండాలని చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి వినని పిల్ల ఒకటో తరగతిలో ఆయన చెప్పేది అర్థం కాక బిక్కమొహం వేసుకు కూర్చుంటే తల్లికి టెన్షన్ రాదా? ఉన్నవాళ్ళు ప్రైవేటు ఇంగ్లీషు మీడియంకి మార్చారు. కొందరు మహేంద్రతనయ నది దాటించి ఆంధ్రాలోని పాతపట్నం వైపు చుట్టాలింట్లో పెట్టారు. ఎటూ పంపలేనివాళ్ళు మిగిలారు. పిల్లలు తగ్గితే డబ్బూ తగ్గుతుంది. బళ్ళకి డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే గ్రాంటు 10,000 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, బోరింగు రిపేరు అన్నీ అందులోనే. దూలాలు దేంతో మారుస్తారు? అలా కప్పు కారుతూనే ఉంటుంది, ఇంకో ఇద్దరు మానేస్తారు. చివరికి ఒకాయన వచ్చి పిల్లలు లేరు, భవనం బాగోలేదు అని రాసుకుని వెళ్తాడు. పోస్టు నింపనిది ఎవరు?

ఈ కోపం ఈరోజుది కాదు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులంతా కూర్చుని, బడిలో 40 మంది గానీ తరగతిలో 10 మంది గానీ వేరే మాతృభాష పిల్లలుంటే ఆ భాష టీచర్ని ఇవ్వాలని ఒప్పుకున్నారు. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చెయ్యాలని. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంటోంది. ఇన్ని ఉన్నాయి. మా బడికి ఒక్క మాస్టారు రాలేదు. ఇప్పుడు పిల్లల్ని చెల్లాచెదురు చేసి వేరే బళ్ళలో కలిపేస్తే తరగతికి పదిమంది ఎక్కడా తేలరు. అప్పుడు అడగడానికి హక్కు కూడా మిగలదు.

ఇదంతా ఏ ఊళ్ళో జరుగుతోంది? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పక్కన. ఆయన సవర గిరిజనుల ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాసి, వాళ్ళ పిల్లలకి బళ్ళు పెట్టించారు. ముందు వాళ్ళ మాట విన్నారు, తరువాత పలక చేతికిచ్చారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆ పెద్దాయన ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. మేము వెళ్ళలేదు. మా భూములూ మా చుట్టాలూ ఇక్కడే. ఒడియావాళ్ళతో మాకు ఏ తగువూ లేదు, పెళ్ళిళ్ళకీ చావులకీ ఒకరింటికొకరం వెళ్తాం. మా పిల్లలు ఒడియా బాగా నేర్చుకోవాలి, నేను నేర్చుకున్నాను, అది వాళ్ళకి అన్నం పెడుతుంది. ఈ రాష్ట్రమే 2006-07 నుంచి సవరతో సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. మంచి పని చేసింది. ఇంటి భాషలో మొదలుపెడితే పిల్లలకి చదువు వస్తుందని ప్రభుత్వానికి తెలుసు అన్నమాట. మరి మా గుంటలు చేసిన తప్పేంటి?

మనవాళ్ళనీ అడగాలి. గిడుగు వారి పుట్టినరోజు ఆగస్టు 29 వస్తే దండలు వేసి, వ్యవహారిక భాష గురించి గంట మాట్లాడి వెళ్ళే పెద్దలు ఈరోజు ఒక్కరు రాలేదు. నిన్నే ఫోన్లు చేశాం. ఒకాయనకి పట్నంలో పని ఉందట. వాళ్ళ పిల్లలెవరూ ఈ బడిలో లేరు, అసలు కారణం అది. అవతల ఆంధ్రాలోనైనా బాగుందా అంటే, 2022లో 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించారు. పాతపట్నం వైపు మా చుట్టాలు గేట్ల దగ్గర కూర్చుని గొడవ పడ్డారు. తరువాత ప్రభుత్వం మారాక ఆ జీవోని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా మానేసిన పిల్లల్ని ఎవరు వెనక్కి తెచ్చారు?

పంచాయతీకి ఒక ఆదర్శ ప్రాథమిక పాఠశాల కడతామని ఇప్పుడు ఒడిశా ప్రభుత్వం అంటోంది. కట్టండి, సంతోషం. పెద్ద గదులు, లైబ్రరీ, ఆట స్థలం మా పిల్లలకి మాత్రం వద్దా? కానీ ఎక్కడ కడతారో, ఎవరు ఎలా చేరుకుంటారో, అందులో తెలుగు చెప్పే మనిషి ఉంటాడో లేదో ఇటుక పడకముందే మాతో మాట్లాడండి. చీకటి పడ్డాక రండి, ఆడవాళ్ళు పొలం నుంచి వచ్చి ఉంటారు. నోటీసు రెండు భాషల్లో వెయ్యండి. రాసింది పైకి చదివి వినిపించండి. రిజిస్టరు అన్నిటికంటే చివర తియ్యండి.

ఈరోజు మేము తొమ్మిదిమందిమి సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాం. ఆ తీర్మానం అలాగే పైకి పంపేస్తారేమో అని అనుమానం ఉంది. అందుకే ఆదివారం సాయంత్రం ఆరింటికి రామమందిరం దగ్గర కూర్చుంటున్నాం. మా ప్రణాళిక మేమే రాస్తాం, తెలుగులోనూ ఒడియాలోనూ. మేస్త్రి ఏ దూలం మార్చాలో, ఎంత ఖర్చవుతుందో లెక్క చెప్తానన్నాడు. కుర్రాళ్ళు వంతెన మీదుగా అవతలి బడిదాకా టేపు పెట్టి దారి కొలుస్తున్నారు. ఇంజినీరు గారి రిపోర్టు కాపీ కోసం సమాచార హక్కు కింద అర్జీ పెడుతున్నాం. పిన్ని తన సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు విడిగా ఉత్తరం ఇస్తానంది, తను చెప్తుంది, రాసిపెట్టేవాళ్ళు కావాలి. నా ఒడియా మాట్లాడటానికి సరిపోతుంది గానీ ఆఫీసు భాషకి సరిపోదు. పర్లాకిమిడి, కాశీనగరం వైపు ఒడియాలో అర్జీలు బాగా రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రాత్రికే మెసేజ్ చెయ్యండి, బండి తీసుకుని నేనే వస్తాను.