పెద్ద వై గారికి, చిన్న ఎన్ గారు కూడా వినేలా

మహారాజశ్రీ పెద్ద వై గారి సముఖమునకు,

కావలి నుంచి ఒక జెరాక్సు షాపు ఓనరు గారి బావ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. షాపులో కంప్యూటర్ కూడా నిన్న సాయంత్రం నుంచి క్షేమమే. మీ క్షేమం అడగను, మీకేం తక్కువ.

మీరెవరో తెలియని వాళ్లు కూడా ఈ ఉత్తరం చదవొచ్చు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. విండోస్ బదులు వేసుకునే ఉబుంటులో, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఫలానా ప్యాకేజీ, అంటే ఫలానా సాఫ్ట్‌వేర్, తీసేయమంటే, వాటిని ఎక్కించి దించే ఆప్ట్ అనే పెద్దమనిషి ఏమేం పోతాయో జాబితా చదువుతాడు, ఎంత జాగా మిగులుతుందో చెప్తాడు, చివర్లో కానిద్దామా అని ఇంగ్లీషులో అడిగి పక్కనే ఒక పెద్ద వై, ఒక గీత, ఒక చిన్న ఎన్ పెడతాడు. ఆ పెద్ద వై మీరే. మీరు పెద్దక్షరం ఎందుకయ్యారంటే, మనిషి ఏమీ టైపు చేయకుండా ఊరికే ఎంటర్ కొట్టినా అది మీ ఖాతాలోకే పోతుంది కాబట్టి. పూర్వం పెళ్లిచూపుల్లో పిల్లని 'ఇష్టమేనా అమ్మా' అని అడిగి, ఆ పిల్ల తల దించుకుంటే చాలు తాంబూలాలు మార్చుకునేవాళ్లు చూడండి, ఆ పద్ధతి మీ దగ్గర ఇంకా చక్కగా నడుస్తోంది. చిన్న ఎన్ గారేమో మూలన నిలబడ్డ కొత్తకోడలు. ఉన్నారని అందరికీ తెలుసు, మాట్లాడించేవాళ్లు లేరు.

ఇక జరిగింది చెప్తా. మా బావమరిది కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో మనమే కట్ చేసుకుందాం, వీడియో వాళ్లకి డబ్బులు ఎందుకని శనివారం కేడెన్‌లైవ్ అనే వీడియో కటింగు సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. ఎక్కించమంది ఒక్కదాన్నే. వచ్చింది అది, దాని బంధుబలగం. మా నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ఒక రొట్టె పట్టుకుని ఏదో కోరుకుంటామా, అది తీరితే మళ్లా ఏడాది ఒక రొట్టె వదులుతాం, లెక్క సరి. మీ ఆప్ట్ దగ్గర ఒక రొట్టె పట్టుకుంటే వెనకాల బుట్టెడు వస్తాయి, తిరిగిచ్చేటప్పుడు రిమూవ్ అంటే ఆ ఒక్కటే పుచ్చుకుంటాడు. మిగతా బుట్ట మీ ఇంట్లోనే ఉంది, అక్కర్లేకపోతే ఆటోరిమూవ్ అనే ఇంకో మాట చెప్పండి అని మర్యాదగా ఒక లైను రాసి ఊరుకుంటాడు. ఆ లైను ఎవరు చదువుతారండీ?

మంగళవారానికి డిస్కు నిండి ప్రింట్లు ఆగిపోయాయి. నేను లేను, నెల్లూరు పోయున్నా. బావమరిది కేడెన్‌లైవ్ తీసేశాడు, ఎంటర్. పెద్దగా ఏమీ ఖాళీ అవలేదు. ఈ మధ్య ఎక్కినవి ఇంకేమున్నాయా అని ఆలోచిస్తే, పక్క వీధి డిగ్రీ కుర్రాడు ప్రాజెక్టు చేసుకుంటానని కూర్చుని ఏదో పైథాన్ అని ప్రోగ్రాములు రాసుకునేది ఎక్కించినట్టు గుర్తొచ్చింది. జెరాక్సు షాపులో పైథాన్ ఎందుకు, పాము పేరు పెట్టుకున్న దాన్ని ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదు కూడా (ఇది నిజంగా అన్నాడు). పైథాన్3 రిమూవ్ అన్నాడు. కుర్రాడు ఎక్కించింది వేరే అంకె ఉన్నది, వీడు తీయమంది ఉబుంటు తన పనుల కోసం పెట్టుకున్నది. అప్‌డేట్లు చూసేది, సాఫ్ట్‌వేర్ సెట్టింగులు మార్చేది, ఇట్టాంటివి బోలెడు దాని మీదే ఆధారపడి ఉంటాయి. కాబట్టి దాన్ని తీయమంటే వాటినీ తీయాలి, వాటిని తీస్తే వాటిని పట్టుకున్న, స్క్రీను మీద బొమ్మలు చూపించే ఉబుంటు డెస్క్‌టాప్‌నీ తీయాలి. మీ ఆప్ట్ తప్పేం లేదు, నిజాయితీగా పేర్లన్నీ చెప్పాడు. స్క్రీను నిండా చెప్పాడు. ఆ పేర్లు పైకి జరిగిపోయాయి, కింద మిగిలింది ఎన్నో వందల ఎంబీలు ఖాళీ అవుతాయన్న తీపి కబురూ, దాని కింద మీరూ.

మావాడు వై కూడా నొక్కలేదు. ఎంటర్.

రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీను మీద తెల్ల అక్షరాలు. అల్లూరు నుంచి అడంగల్ ప్రింటు కోసం వచ్చిన రొయ్యల చెరువు రైతు ఒకాయన తొంగిచూసి, "ఏందబ్బాయ్, కరెంటు పోయిందా?" అన్నాడంట. "లేదు పెద్దాయనా, కరెంటు ఉంది, డెస్క్‌టాప్ పోయింది" అన్నాడంట మావాడు. "చెరువులో ఏరేటర్ ఆగితేనే మాకు ఇంత టెన్షన్ ఉండదు" అని ఆయన ఎదురు షాపుకి పోయాడు. ఆ ఎదురు షాపు సంగతి మా దగ్గర ఎత్తొద్దు.

మీ గోత్రంలోనే ఒకాయన ఉండేవాడు, గుర్తున్నాడా? వ్యవస్థకి ప్రాణంలాంటి ప్యాకేజీ పోయే ప్రమాదం ఉంటే, వై సరిపోదు, 'అవును, నేను చెప్పినట్టు చేయి' అని ఇంగ్లీషులో వాక్యం మొత్తం టైపు చేయమనేవాడు. 2021 నవంబరులో లైనస్ సెబాస్టియన్ అనే పేరున్న యూట్యూబరు ఉబుంటు చుట్టమైన పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే ఆటల సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయి ఆ వాక్యాన్ని బుద్ధిగా టైపు చేశాడు, డెస్క్‌టాప్ పోయింది, లోకమంతా చూసింది. కంప్యూటర్ల మీదే బతికే మనిషి వాక్యం టైపు చేసి కూడా చదవనప్పుడు, ఊరికే ఎంటర్ కొట్టినందుకు మా బావమరిదిని ఏమనాలి? 2025లో వచ్చిన ఆప్ట్ 3.0లో పోయేవాటిని ఎర్ర రంగులో చూపిస్తున్నారు. మంచిదే. మా ట్రంకు రోడ్డు మీద కూడా ఎర్ర లైటు ఉంది, ఆగేవాళ్లని నేనింకా చూడలేదు.

నేను రాత్రికి వచ్చి ఆ నల్ల స్క్రీనులోనే లాగిన్ అయ్యా. అదృష్టం, కేబుల్ పెడితే నెట్ వచ్చింది. మీకు తెలుసో లేదో, వార్ కింద లాగ్, దాని కింద ఆప్ట్ అనే ఫోల్డరులో హిస్టరీ లాగ్ అని ఒక ఫైలు ఉంటుంది. ఊరి కరణం లాంటిది. ఎప్పుడు మొదలెట్టారు, ఏ కమాండు ఇచ్చారు, ఏమేం ఎక్కాయి, ఏమేం పోయాయి, మొత్తం తేదీ టైముతో రాసి పెడుతుంది. మనం అడిగి ఎక్కించింది ఏది, దాని వెంట వచ్చింది ఏది అని కూడా విడివిడిగా, వెంట వచ్చినదాని పక్కన ఆటోమేటిక్ అని గుర్తు పెట్టి మరీ. 'ఈ మధ్య ఏం ఎక్కించాం' అని మావాడు బుర్ర గోక్కున్న ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. ఉబుంటు లాంటిదే ఇంకోటి, ఫెడోరా వాడేవాళ్లకైతే, వాళ్ల ఆప్ట్ లాంటి డీఎన్ఎఫ్‌లో హిస్టరీ అన్‌డూ అంటే ఆ ఒక్క పనినీ వెనక్కి తిప్పుతుంది, వాళ్ల అదృష్టం చూస్తే కళ్లు కుట్టాయి. మా షాపులో ఉన్న ఆప్ట్‌కి అది రాదు, చేత్తోనే చేసుకోవాలి. ఉబుంటు డెస్క్‌టాప్‌ని మళ్లా ఎక్కించి, పోయినవాటి వరుస చూసి మిగతావి పెట్టి, పొద్దు పొడిచేసరికి బొమ్మ తెప్పించా. ఫంక్షన్ ఫోటోలు భద్రంగా ఉన్నాయి. రిమూవ్ అన్నా పర్జ్ అన్నా మన హోం ఫోల్డరు జోలికి పోవు. పర్జ్ అయితే ఈటీసీ అనే ఫోల్డరులో ఉన్న సెట్టింగు ఫైళ్లని కూడా ఊడుస్తుంది, అంతే తేడా.

ఆ తర్వాతే కేడెన్‌లైవ్ బలగాన్ని పంపించా. ఈసారి కమాండులో చిన్న ఎస్ ఒకటి పెట్టా. అది పెడితే ఆప్ట్ ఏమీ తీయడు, తీస్తే ఏమవుతుందో ఉత్తినే చేసి చూపిస్తాడు. మిమ్మల్ని అసలు పిలవడు కూడా. పేర్లన్నీ హిస్టరీ లాగ్‌తో పోల్చుకుని, శనివారం వచ్చినవే అని తేలాక, అప్పుడు మీ దగ్గరికి వచ్చా. గమనించే ఉంటారు, ఎంటర్ ఒక్కటే కొట్టలేదు, మీ పేరు టైపు చేసి కొట్టా. ఏమాటకామాటే, మర్యాద ఇచ్చినట్టు ఉంటుంది కదా.

అంతా అయ్యాక బావమరిదిని కూర్చోబెట్టి, ఎవరు చేశారో కూడా ఈ కరణం రాస్తాడు చూడు అని ఆ లాగ్ తెరిచి చూపించా. రిక్వెస్టెడ్-బై అన్న చోట నా పేరు ఉంది. ఆ కంప్యూటర్లో ఉబుంటు వేసినప్పుడు యూజర్ పేరు నాదే పెట్టా, షాపులో అందరూ దాంట్లోనే కూర్చుంటారు. వాడు రెండు నిమిషాలు ఆ లైనే చూసి, "నువ్వేనా బావా చేసింది? నేనే అనుకుని రాత్రంతా నిద్రపోలా" అన్నాడు. దాన్ని ప్రింటు తీసి గల్లాపెట్టె పైన అతికించాడు. ప్రింటుకి నా దగ్గర రెండు రూపాయలు పుచ్చుకున్నాడు.

ఇట్లు,
రిక్వెస్టెడ్-బై